న్యూ హేవెన్‌లో అమిస్టాడ్ జాడ

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ నుంచి న్యూ హేవెన్‌కి రైల్లో దాదాపు రెండు గంటలు. ఆఫీసు వేళల్లో పీక్ రేటు వాయిస్తారు, అవి తప్పించి ఎక్కడం మేలు. స్టేట్ స్ట్రీట్ స్టేషన్ దాకా వెళ్లే బండైతే నడక తగ్గుతుంది. దిగినవాళ్లలో చాలామంది యేల్ వైపు పోతారు. నేను సిటీ హాల్ ముందున్న 14 అడుగుల కంచు శిల్పం దగ్గరికి వెళ్లాను. 1839లో క్యూబా నుంచి బానిసలుగా తీసుకెళ్తుంటే అమిస్టాడ్ ఓడ మీద తిరగబడ్డ ఆఫ్రికన్లని పెట్టిన జైలు ఈ చోటే ఉండేది.

శిల్పానికి మూడు ముఖాలు: ఆఫ్రికాలో తిరుగుబాటు నాయకుడు సెంగ్బె పీయె, కోర్టు, తిరుగు ప్రయాణం. తిరుగుబాటు రాత్రికి విడిగా ఓ ముఖం లేదు. అదే నాకు మింగుడు పడలేదు. కోర్టు దాకా కథ నడిచిందే ఆ రాత్రి వల్ల కదా!

క్యూబాలోని హవానాలో రూయిజ్ అనే స్పెయిన్ దేశస్థుడు 49 మంది ఆఫ్రికన్ మగవాళ్లని తలకి 450 డాలర్ల చొప్పున కొన్నాడు. అతని తోటి స్పెయిన్‌వాడు మోంటెస్ నలుగురు పిల్లల్ని కొన్నాడు. క్యూబాని ఏలుతున్న స్పెయిన్ అప్పటికే ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడం నిషేధించింది. అందుకే ఈ బందీలు క్యూబాలో పాతకాపులన్నట్టు స్పానిష్ పేర్లతో దొంగ కాగితాలు పుట్టించారు. వాళ్లని అమిస్టాడ్ ఎక్కించారు. జులై మొదట్లో ఓ రాత్రి సెంగ్బె ఒక మేకుతో మెడపట్టీ తాళం ఊడదీశాడు. అందరినీ కలిపి కట్టిన గొలుసు వదులైంది. సరుకులో ఉన్న చెరకు కత్తులు చేతికొచ్చాయి. కెప్టెన్, వంటవాడు చనిపోయారు. ఓడ నడపడం తెలిసిన మోంటెస్‌ని మాత్రం బతకనిచ్చారు. ఆఫ్రికా చేరడానికి సూర్యుడు పొడిచే దిక్కుకి పోనిమ్మన్నారు. వాడు పగలు తెరచాపలు వదులు చేసి నత్తనడకన నడిపి, రాత్రి ఉత్తరానికి తిప్పేవాడు. నీళ్లు నిండుకుని, మనుషులు చచ్చిపోతుండగా, ఆగస్టు 26న లాంగ్ ఐలాండ్ దగ్గర అమెరికా నౌకాదళానికి దొరికిపోయారు.

పట్టుకున్న లెఫ్టినెంట్ గెడ్నీ, ఓడని కాపాడినందుకు ప్రతిఫలంగా ఓడలోనూ సరుకులోనూ వాటా అడిగాడు, ఆ సరుకులో మనుషుల్ని కూడా లెక్కేసి! 1841లో సుప్రీంకోర్టు ఆ మనుషులు స్వేచ్ఛాజీవులంది. ఓడ, సరుకుల మీద గెడ్నీ వాటా మాత్రం నిలిచింది. స్వదేశానికి చేరే ఖర్చు ప్రభుత్వం ఇవ్వలేదు, చందాలు పోగుచేసుకోవాల్సి వచ్చింది. చివరికి 35 మందే బయల్దేరారు.

కెప్టెన్ బానిస ఆంటోనియో సంగతి శిల్పం దగ్గర ఎవరికీ గుర్తురాదు. అతను చట్టప్రకారం ఆస్తేనని, కెప్టెన్ వారసులకి అప్పగించమని కింది కోర్టు తీర్పిచ్చింది. బానిసత్వ వ్యతిరేకుల సాయంతో అతను కెనడాకి తప్పించుకుపోయాడు.