వేలికి పెట్టిన క్లిప్పు 99 చూపించింది

సరూర్‌నగర్‌లో మా అక్కావాళ్లు అద్దెకుంటున్న ఫ్లాట్‌లో స్నానానికి వెళ్లి నేను పడిపోవడానికి కారణం బీపీ కాదు, ఖాళీ కడుపు కాదు, దిష్టి అంతకన్నా కాదు. కార్బన్ మోనాక్సైడ్. ఇంటి ఓనరు బాత్రూం లోపల, తలుపు పైన బిగించి ఇచ్చిన గ్యాస్ గీజరు. ఇప్పుడు తల తేటపడింది, చేతుల వణుకు పోయింది కాబట్టి రాయగలుగుతున్నాను. నా ఉద్యోగం బాయిలర్ల దగ్గర. మంటకి ఎంత గాలి కావాలో చూసుకోవడం నాకు రోజూ ఉండే పనే, అందుకే లెక్కలతో సహా చెబుతాను.

పడిన ముచ్చట పెద్దగా లేదు. జనవరి చలికి వెంటిలేటరు అద్దాలు మూసి, సందుల్లో పేపరు కుక్కి ఉంది. తల బరువెక్కింది, మోకాళ్లలో పట్టు పోయింది. "తమ్మీ, పలుకుతలేవేందిరా!" అని అక్క ఒర్రడం వినిపిస్తూనే ఉంది, నోరు మాత్రం లేవలేదు. బావ భుజంతో గుద్ది గడియ ఊడగొట్టాడు. ఆయన ఆ పని ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యంగా చేసి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది అదే రాత్రి ఆ తర్వాత జరిగింది. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోంకి తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టరు వేలికి క్లిప్పు పెట్టి చూశాడు. "శాచురేషన్ 99 ఉందమ్మా, నాకంటే బాగున్నాడు. టెన్షన్ పడి ఉంటాడు, గ్యాస్ట్రిక్‌కి కూడా ఓ ఇంజెక్షన్ ఇస్తా, ఇంటికి తీసుకుపోండి." ఎక్కడ పడ్డాడు, ఏం చేస్తుండగా పడ్డాడు అని ఒక్క మాట అడగలేదు. మళ్లీ అదే ఇంటికి వచ్చాం. పొద్దున్నే బడికి తయారవడానికి నా మేనకోడలు అదే బాత్రూంలో స్నానం చెయ్యాలి. ఆ డాక్టరు మీద నా కోపం నన్ను పంపించినందుకు కాదు, ఆ పిల్ల ఉన్న ఇంటికి పంపించినందుకు.

ఆ క్లిప్పు సంగతి అందరికీ తెలియాలి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్‌ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ క్లిప్పు, అంటే మామూలు పల్స్ ఆక్సీమీటరు, ఈ రెండింటికీ తేడా కనిపెట్టలేదు, రెండింటినీ ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. మనిషి లోపల ఊపిరాడక పోతున్నా తెర మీద 98, 99 చూపిస్తుంది. అసలు సంగతి తేలాలంటే రక్తం తీసి కో-ఆక్సిమెట్రీ అనే పరీక్షలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ శాతం, అంటే మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎంతో చూడాలి.

అర్ధరాత్రి దాటాక వాంతులు, తల పగిలిపోయే నొప్పి. అక్క నా కూతురి పేరు అడిగింది. నాకు తట్టలేదు. మొహం కనిపిస్తోంది, పేరు రావడం లేదు. అక్క అక్కడికక్కడే కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి మొక్కుకుని బావని లేపింది. రెండో ఆసుపత్రిలో ఓ చిన్న వయసు డాక్టరమ్మ ఒకే ప్రశ్న అడిగింది: "బాత్రూంలో పడ్డారా? గీజరు కరెంటుదా, గ్యాసుదా?" రక్తపరీక్షలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ 24 శాతం వచ్చింది. పొగ తాగని మనిషికి రెండు మూడు శాతం దాటకూడదు. ముక్కుకి పెట్టే సన్న గొట్టం కాదు, సంచి ఉన్న మాస్కు పెట్టి నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ ఇచ్చారు. మామూలు గాలి పీలిస్తే ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్‌తో గంటా గంటన్నరలో సగమవుతుంది. ఆ తల్లికి నా దండం. మిగతా చికిత్స మామూలే. డిశ్చార్జి రోజున ఆమె ఇంకో మాట చెప్పింది: కొందరికి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, నడకలో తూలుడు రావొచ్చు, చూసుకోమని. నాకు కొంతకాలం వాల్వుల వరుస గుర్తుండేది కాదు. ఇప్పుడు కుదుటపడింది.

ఇక గీజరు దగ్గరికి వద్దాం. అక్క అడిగితే ఓనరు అన్నాడట, "ఇంతకుముందున్నోళ్లకు ఏం కాలేదు కదా" అని. నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్లిచ్చే గీజరు గంటకి కిలోకి కాస్త తక్కువ గ్యాసు కాలుస్తుంది. పది నిమిషాల స్నానానికి 150 గ్రాములు. ఆ 150 గ్రాములు సరిగ్గా కాలడానికి సుమారు రెండు ఘనమీటర్ల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉండేదే ఎనిమిది ఘనమీటర్లు. అంటే ఒక్క స్నానానికి గదిలోని గాలిలో పావు వంతు మంటకే పోతుంది. బయటి గాలి రాకపోతే 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 16 దగ్గరికి పడిపోతుంది. అక్కడిదాకా రాకముందే మంట సరిగ్గా కాలడం మానేసి మోనాక్సైడ్ వదలడం మొదలుపెడుతుంది. ముందున్నవాళ్లు వెంటిలేటరు తెరుచుకుని ఉంటారు, లేదా రెండు చెంబులతో ముగించి ఉంటారు. ఇరవై నిమిషాలకి ఆగిపోయే టైమరు ఉన్న గీజర్లు ఉన్నాయి. ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సరు ఉన్నవీ ఉన్నాయి. ఇవి ఉన్నాయని లోపల పెట్టకండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే చాలనేవాళ్లున్నారు. తలుపు కింద సందు లేకుండా ఫ్యాను వేస్తే, గది లోపలికి గాలిని ఎక్కడి నుంచైనా లాక్కుంటుంది. పొగగొట్టం ఉన్న గీజరైతే ఆ గొట్టం లోంచే పొగని వెనక్కి లాగుతుంది.

బాత్రూం బయట అంటే మేస్త్రీలు వెంటనే డక్టు చూపిస్తారు. మన అపార్ట్‌మెంట్లలో డక్టు అంటే నాలుగు వైపులా గోడలు, పైన వానకి ఫైబరు షీటు, అన్ని అంతస్తుల బాత్రూం వెంటిలేటర్లూ అందులోకే. అందులో గీజరు పెడితే మన పొగ పై ఇంటివాళ్ల బాత్రూంలోకి పోతుంది. వద్దు.

పెట్టాల్సింది యుటిలిటీలో లేదా వాష్ ఏరియాలో, అదీ ఒక వైపు పూర్తిగా ఆకాశానికి తెరిచి ఉంటేనే. గ్రిల్లు, పావురాల వల ఉన్నా పరవాలేదు. స్లైడింగ్ అద్దాలు బిగించినా, వానాకాలం పాలిథిన్ పట్టా కట్టినా అది గది అయిపోయినట్టే. బాత్రూం, బెడ్రూం కిటికీలకి కనీసం మూడు నాలుగడుగులు పక్కకి జరపాలి, కిటికీ కింద అసలే వద్దు. కారణం, పొగ పైకే పోతుంది. గీజరు పైన బట్టల తీగ, చెక్క అర, ప్లాస్టిక్ పైపు ఉండకూడదు. గీజరు మీద మంట కనిపించే చిన్న కిటికీ మన కంటి ఎత్తులో ఉండేలా బిగించాలి, ఎందుకంటే రోజూ చూడాల్సింది దాన్నే. మంట నీలంగా, కుదురుగా ఉండాలి. పసుపు నాలుకలు లేచినా, పైన మసి కనిపించినా ఆపేసి మెకానిక్‌ని పిలవాలి. బర్నర్‌లో దుమ్ము, సాలెపురుగు గూడు, ఫిన్నుల మీద మసి ఇందుకు కారణాలు. మన బోరు నీళ్లకి కాయిల్లో సున్నం కూడా పేరుకుంటుంది. ఏటా చలికాలం ముందు ఒక సర్వీసు తప్పదు.

గాలి విసురుకి మంట ఆరకుండా పక్కన అడ్డం పెట్టొచ్చు గానీ డబ్బాలా మూసెయ్యకూడదు.

సిలిండరుని గీజరు కింద కాకుండా పక్కన, నిలబెట్టి ఉంచాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పాకి గుంటల్లోకి దిగుతుంది. కాబట్టి దగ్గర్లో మోరీ జాలీ, సంపు మూత ఉండకూడదు, నేల మట్టంలో గాలి బయటికి పోయే దారి ఉండాలి. స్టీలు తీగ అల్లిన నారింజ రంగు సురక్ష గొట్టం మీటరున్నర దాటకూడదు, గోడలోంచి తియ్యకూడదు, ఐదేళ్లకి మార్చాలి. బిగించాక ప్రతి జాయింటు మీద సబ్బు నురగ రాసి బుడగలు చూడాలి. ఇంటికి పైపు గ్యాసు వస్తే, ఎల్పీజీ గీజరుని దానికి తగిలించకండి. బర్నరులోకి గ్యాసు వదిలే జెట్టు వేరు, పీడనం వేరు.

బయట పెడితే నీళ్లు చల్లారిపోతాయని మేస్త్రీ అంటాడు. లెక్క చెప్పండి. ముప్పావు ఇంచు సీపీవీసీ పైపు ఇరవై అడుగులకి లీటరున్నర నీళ్లు పడతాయి. నిమిషానికి 6 లీటర్లంటే పావు నిమిషం ఆగితే వేడినీళ్లు వచ్చేస్తాయి. ఆ పావు నిమిషం కోసం గీజరుని లోపల పెట్టి నా ప్రాణం తీసినంత పని చేశారు. తెరిచిన బాల్కనీ లేని ఫ్లాటైతే గ్యాసు గీజరే వద్దు, కరెంటుదో సోలారో చూసుకోండి. మా అక్క వాళ్లింట్లో ఇప్పుడు కరెంటుదే ఉంది. బావే ఓనరుతో పట్టుబట్టి మార్పించాడు.

బాత్రూంలో ఎవరైనా పలక్కపోతే ముందు తలుపు తీసి, ఊపిరి బిగబట్టి మనిషిని బయటి గాలిలోకి లాగండి. తర్వాత సిలిండరు కట్టేసి 108కి ఫోన్ చెయ్యండి. గ్యాసు వాసన కూడా వస్తుంటే స్విచ్చులు ముట్టుకోవద్దు, గ్యాసు లీకుల హెల్ప్‌లైన్ 1906కి చెప్పండి. మోనాక్సైడ్‌కి మాత్రం వాసన ఉండదు. ఆసుపత్రిలో డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి: గ్యాస్ గీజరు ఉన్న బాత్రూంలో పడ్డాడు, క్లిప్పు అంకె నమ్మకండి, కార్బాక్సీ హిమోగ్లోబిన్ చూడండి, ఈలోగా ఆక్సిజన్ మాస్కు పెట్టండి. ఇంట్లో మిగతావాళ్లకి తలనొప్పి, వికారం ఉంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి.