సీరియల్ పని లెక్క: 9 నుంచి 12 భాగాల దాకా సాగదీత ఏరివేత

పత్రికలో అచ్చయ్యే మా సీరియల్ కథలో ఈ నాలుగు భాగాలూ కలిపి 5,900 మాటలు ఉండేవి, కోత తర్వాత ఇప్పుడు 4,650. పంతొమ్మిది సీన్లలో ఐదు పోయాయి, రెండు కలిసి ఒకటయ్యాయి.

ఏ సీను తీసెయ్యాలో తేల్చే పరీక్ష ఒకటే. అనుమానం ఉన్న సీను పక్కన పెట్టి, దాని ముందుదీ వెనకదీ వరసగా చదవాలి. ఎక్కడా కథ తెగినట్టు అనిపించకపోతే ఆ సీను దండగ. పదో భాగంలో కథానాయిక కనకం రాజోలు నుంచి రాజమండ్రి వెళ్లే బస్సు సీను 420 మాటలు. కొబ్బరి తోటలు, సీటు తగాదా, గోదావరి గాలి. తీసేస్తే కథ తెగింది ఒక్కచోటే: దస్తావేజు సంచిలోంచి బొడ్లోకి మారింది ఆ బస్సులోనే. ఆ ముక్క రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం దగ్గర రెండు వాక్యాల్లో సర్దుకుంది. కోతలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సీనుతో పాటు అందులో దాక్కున్న ఆధారమూ పోతుంది, మూడు భాగాల తర్వాత కథ కుంటుతుంది. అందుకే మూడు భాగాలు ముందే రాసిపెట్టుకోవాలి. అచ్చయిన భాగంలో ఆధారం నాటలేం కదా.

కాఫీ సీను ఇలా మొదలయ్యేది: "రండి బావగారూ, కూర్చోండి. అక్క బాగుందా?" పన్నెండు లైన్ల కుశల ప్రశ్నల తర్వాత గానీ అసలు మాట రాదు. ఇప్పుడు మొదటి లైనే: "దస్తావేజు నకలు మీ దగ్గరుందటగా బావగారూ?" కనకం గ్లాసు అందిస్తూనే అడిగింది.

"నీకు తెలుసుగా, పోయినేడు నాన్న పొలం..." తరహా సంభాషణలు నాలుగు కొట్టేశాం. ఇద్దరికీ తెలిసిన సంగతి పాఠకుడి కోసం చెప్పించడమది. దాని చోటు పైన "జరిగిన కథ"లో, అదీ 50 మాటలకు మించకుండా.

తండ్రి అరుగు మీద కొబ్బరికాయ ఒలిచే 180 మాటలు మాత్రం ఉంచాం. ఏమీ జరగదు, నిజమే. కానీ అంతకుముందే పొలం పోయింది; ఆ దెబ్బ దిగడానికి కాస్త వ్యవధి కావాలి.

పదకొండో భాగం "సశేషం" ముందు తలుపు చప్పుడు ఉండేది. పన్నెండులో తీస్తే పాలవాడు! ఇలాంటివి రెండుసార్లు చేస్తే పాఠకుడు మూడోసారి నమ్మడు. ఇప్పుడది వేలం నోటీసు మీద కనకం సంతకంతో ముగుస్తుంది. ఆమె పెట్టని సంతకం.

మిగిలింది 13వ భాగం: పెళ్లి సీను, 900 మాటలు, పదకొండు పేర్లు. మూడు పేర్లకు దించాలి.