వంశధార ఒడ్డున ‘న మమ’

మా శ్రీకాకుళం వైపు ‘వదిలెయ్’ అనే మాట కంటే ‘ఒగ్గెయ్’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. గాలిపటం దారమైనా, పట్టుకున్న చెయ్యి అయినా, పోయినవాడి మీద కోపమైనా అన్నింటికీ అదొక్కటే మాట. ముప్పయ్యేళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన నేను విడుచు, త్యజించు, విసర్జించు అంటూ పర్యాయపదాలను పిల్లలచేత వల్లె వేయించాను గాని, ఒక ప్రోనోటును మాత్రం ఏడేళ్లకు పైగా బీరువాలో, పట్టుచీరల అడుగున, ఒగ్గకుండా దాచుకున్నాను.

అది నాతోపాటు అదే బడిలో లెక్కలు చెప్పిన మిత్రుడు రాసి ఇచ్చిన నోటు. 2017 ఫిబ్రవరిలో కూతురి పెళ్లికని 1,50,000 రూపాయలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నాడు. ఏడు నెలలపాటు నెలకు మూడు వేల చొప్పున తెచ్చి ఇచ్చి, నోటు వెనుక తన చేత్తోనే చెల్లు రాశాడు. ఆ తరువాత రావడం మానేశాడు, నన్ను చూస్తే వీధి మారడం మొదలుపెట్టాడు. చివరి చెల్లు రాసిన నాటినుంచి మూడేళ్లు గడిస్తే నోటుకు కాలదోషం పడుతుందని, కోర్టులో అది చెల్లదని నాకు తెలుసు. చట్టంలో చెల్లని ఆ కాగితం నా మనసులో మాత్రం నెలనెలా చెల్లుతూనే ఉండేది. ప్రతి నెలా మొదటి వారంలో మూడు వేలు కలుపుకునేవాణ్ని. 2022లో అతను పోయాడని కబురు వచ్చినప్పుడు నేను పెద్దకార్యానికి వెళ్లలేదు. వెళితే బాకీ కోసం వచ్చాననుకుంటారని ఇంట్లో చెప్పాను, అది సగమే నిజం.

విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు 2024 కార్తీకంలో ఇంటికి వచ్చి, ఫోనులో ఒక వీడియో చూపించింది. పున్నమి రాత్రి మనసులోని బరువును కాగితం మీద రాసి, వెన్నెల్లో నిలబడి కాల్చేస్తే ఆ బరువు తీరిపోతుందని అందులో ఎవరో చెబుతున్నారు. “మావయ్యా, నీ దగ్గర రాయక్కర్లేని కాగితమే ఉంది కదా!” అని నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి పంచాంగం తీసి కూర్చున్నాను.

జాతకాలను నేను పూర్తిగా నమ్మను, పూర్తిగా తోసిపుచ్చనూ లేను. పంచాంగంలోని లెక్క అంటే మాత్రం ఇష్టం. సూర్యచంద్రుల మధ్య ఎడం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి అవుతుంది. పదిహేనో తిథి ముగిసే క్షణానికి ఆ ఎడం 180 డిగ్రీలకు చేరి, ఇద్దరూ ఎదురెదురుగా నిలుస్తారు. జ్యోతిషంలో దీనిని సమసప్తకం అంటారు. సూర్యుడు ఆత్మకారకుడు, చంద్రుడు మనఃకారకుడు. ‘చంద్రమా మనసో జాతః’ అని పురుషసూక్తం చెబుతుంది. ఆ దృష్టితో చూస్తే పౌర్ణమి అంటే మనసు తన వెలుగుకు మూలమైనదానికి ఎదురుగా నిలబడి, దాచుకోవడానికి చీకటి అంచు లేకుండా కనబడే రోజు. మరునాటినుంచి కళలు తరుగుతాయి కాబట్టి, ఏదైనా వదలడానికి నిండిన రోజే మొదలు కావడంలో ఒక తర్కం ఉంది. తరిగిపోయాక వదలడానికి ఏముంటుంది?

ఆ సంవత్సరం కార్తీక పౌర్ణమి నవంబరు 15, శుక్రవారం వచ్చింది. సంవత్సరం పేరు క్రోధి కావడం నాకు తగినట్టే అనిపించింది. పౌర్ణమినాడు చంద్రుడు ఏ నక్షత్రంలోగాని దాని దాపునగాని ఉంటాడో ఆ పేరే మాసానికి వస్తుంది కదా, అయితే ఆ రోజు రాత్రి పది గంటలకు కొంచెం ముందు వరకు ఉన్నది భరణి, ఆ పైన కృత్తిక. భరణికి అధిదేవత యముడు, కృత్తికకు అగ్ని. సూర్యుడు తన నీచరాశి అయిన తులలో ఆఖరి అంచున ఉన్నాడు. తెల్లవారుజామున మూడు గంటలకు రెండు నిమిషాల ముందు పౌర్ణమి ముగుస్తుంది, ఆ తరువాత అరగంట లోపలే చంద్రుడు మేషం దాటి తన ఉచ్చరాశి అయిన వృషభంలో అడుగు పెడతాడు. ఇదంతా బాగానే ఉంది గాని, నాది కన్యారాశి. మేషం నాకు ఎనిమిదోది, అంటే ఆ రోజంతా నాకు అష్టమ చంద్రుడు. మా అమ్మ బతికి ఉంటే ఆ రోజు గడప దాటనిచ్చేది కాదు.

అయినా బయలుదేరాము. సూర్యచంద్రులు ఎదురెదురుగా ఉండే రోజు కాబట్టి పొద్దున్న సూర్యుణ్ని, సాయంత్రం చంద్రశేఖరుణ్ని చూడాలన్న ఆలోచన మా మేనకోడలిది. తెల్లవారేసరికి అరసవల్లిలో ఉన్నాము. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయకిరణాలు గర్భాలయంలోని మూలవిరాట్టును తాకుతాయి. మేము వెళ్లింది నవంబరు నడుమ కాబట్టి ఆ భాగ్యం లేదు, రద్దీ కూడా అంతగా లేదు. నల్లరాతి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకుని, ఇంటికి వచ్చి, మధ్యాహ్నం కాంప్లెక్సులో బస్సెక్కాము. కార్తీక ఉపవాసాల వల్ల బస్సులో సగంమంది నీరసంగానూ, మిగతా సగంమంది ఆ నీరసాన్ని గురించి మాట్లాడుతూనూ ఉన్నారు. నరసన్నపేట దాటాక దారికి రెండు వైపులా వరిచేలు పసుపు తిరిగి ఉన్నాయి.

శ్రీముఖలింగం జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అనంతవర్మ చోడగంగు రాజధానిని కటకానికి మార్చిన తరువాత, ఈ ఊరు రాజ్యాన్ని వదులుకుని దేవుణ్ని మాత్రం ఉంచుకుంది. ముఖలింగేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు ఆలయాలు ఉన్నాయి. ముఖమండపం లేకుండా ఒంటరి శిఖరంతో నిలిచిన సోమేశ్వరాలయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేరులోనే చంద్రుడున్న దేవుడి గోడల మీద అన్ని శిల్పాలు ఉండగా, రాతికి ఉప్పులా పట్టిన కాలాన్ని చూడడమే నాకు ఎక్కువయింది. ముఖలింగేశ్వరుణ్ని మధుకేశ్వరుడని కూడా అంటారు. ఇప్పచెట్టు మొదలులో వెలిశాడని కథ, ఇప్పచెట్టుకు సంస్కృతంలో మధూకమని పేరు. ఈ ఊళ్లో కోటికి ఒక్కటి తక్కువ లింగాలున్నాయని అంటారు. ఆ ఒక్కటీ ఉంటే కాశీ అయ్యేదట. కోటిలో ఒకటి తగ్గితే ఊరుకున్న ఊళ్లోకి, పైసా తగ్గినా ఊరుకోని లెక్కతో వచ్చాను.

నాలుగున్నర దాటేసరికి నదికి దిగాము. ఎగువన గొట్టా బ్యారేజి ఉండడం వల్ల నవంబరులో నీరు గట్టు నుంచి గట్టుకు ఉండదు. ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతుంది. ఆడవాళ్లు ఉసిరికాయ చెక్కిన చోట నెయ్యి పోసి వెలిగిస్తున్నారు, ఏడాదికి లెక్కగా 365 వత్తుల కట్టలు మంటలుగా లేస్తున్నాయి, అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదులుతున్నారు. ఇచ్ఛాపురం వైపునుంచి వచ్చిన ఒక ఒడియా కుటుంబం తాము పొద్దున్నే చిన్న పడవలు వదిలేశామని చెప్పింది. జావా, బాలీ దీవులకు ఓడల్లో వెళ్లిన పూర్వపు వర్తకులను తలుచుకుని వాళ్లు ఆ రోజు చేసే వేడుక అది. పడమట సూర్యుడు పూర్తిగా కుంగకముందే మా వెనుక, గుడి వైపున, చంద్రుడు పైకి వచ్చాడు. ముందుకు చూస్తే ఒకరు, వెనక్కి తిరిగితే ఒకరు. పంచాంగంలో 180 అని చదివిన అంకె మధ్య నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను.

రేవు దగ్గర సంకల్పాలు చెప్పిస్తున్న పురోహితుడికి నోటు చూపించి, దీనిని కాల్చాలా, నీటిలో వదలాలా అని అడిగాను. వింత ప్రశ్నే అయినా ఆయన నవ్వలేదు.

“నువ్వులూ నీళ్లూ వదలడానికి అమావాస్య ఉంది మాస్టారూ, పున్నమికి దీపం, దానం. అగ్నిలో వేసినా తప్పు లేదు. కాని మనవాళ్లు అగ్నిలో ఏదీ ఊరికే వెయ్యరు. ‘అగ్నయ ఇదం న మమ’ అంటారు. ఇది అగ్నికి, నాది కాదు అని. పుచ్చుకునేవాడి పేరు ముందు, నాది కాదన్న మాట వెనక. మీరు దీన్ని ఎవరికి ఇస్తున్నారు?”

నేను జవాబు చెప్పలేకపోయాను. నా బరువు నేను దింపుకోవాలనుకున్నానే గాని, అది దిగి ఎవరి దగ్గరకు వెళ్లాలో ఆలోచించలేదు. తిలోదకాలు ఇచ్చాను, నీళ్లు వదులుకున్నాను, ధారపోశాను అని మన భాషలో ఎన్ని మాటలున్నా, ప్రతిదాని వెనుకా అసలు ఒక పుచ్చుకునేవాడు ఉన్నాడు. మా అమ్మ కాశీలో కాకరకాయ వదిలి వచ్చింది. అంతకుముందు కూడా ఆమె కాకరకాయ తిన్నది లేదు. నా పద్ధతి అంతకంటే గొప్పదేమీ కాదని, కాలదోషం పట్టిన కాగితాన్ని వదలడానికే నేను ఇంత దూరం వచ్చానని ఆ నీళ్లలో నిలబడి ఉండగా తోచింది.

“అతనికే,” అన్నాను చివరికి. పేరు అడిగారు. రెండేళ్లుగా నా ఇంట్లో ‘ఆ పెద్దమనిషి’ అనే తప్ప పలకని పేరును పైకి పలికాను. గోత్రం తెలియదన్నాను. తెలియనప్పుడు కాశ్యప గోత్రమని చెప్పవచ్చన్నారు. క్రోధినామ సంవత్సరే, దక్షిణాయనే, శరదృతౌ, కార్తీకమాసే, శుక్లపక్షే, పౌర్ణమాస్యాం, భృగువాసరే అని ఆయన చెబుతుంటే నేను వెంట అన్నాను. ఈ దీపాన్ని చూసిన పురుగులు, దోమలు, చెట్లు, నీటిలోని ప్రాణులు అన్నింటికీ మేలు కలగాలన్న అర్థం వచ్చే శ్లోకం చదివించారు. వెలిగించినవాడి ప్రస్తావన అందులో లేదు. నోటును మడిచి అరటి దొప్పలో దీపం కింద పెట్టి నీళ్లలోకి తోశాను.

“అష్టమ చంద్రుడు కదండీ, ఫరవాలేదా?” అని అడగకుండా ఉండలేకపోయాను.

“మొదలుపెట్టేవాళ్లకు ఆ పట్టింపు. మీరు ముగించడానికి వచ్చారు కదా!” అని ఆయన తరువాతివాళ్ల వైపు తిరిగారు. శాస్త్రంలో అలా ఉందా, లేక వరుసలో జనం ఉన్నారా అన్నది నేను తరచి అడగలేదు.

దొప్ప పది అడుగులు పోయి ఇసుక మేటకు తగులుకుని ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. నడుము లోతు నీళ్లలో చిల్లర ఏరుతున్న ఒక కుర్రాడు దానిని ఎత్తి, కింద ఉన్న కాగితాన్ని విప్పి, రెవెన్యూ స్టాంపు చూసి ఏదో విలువైనదనుకున్నాడు కాబోలు, నీళ్లు చిమ్ముకుంటూ మా దగ్గరకు వచ్చాడు. అంచులు మాత్రమే తడిశాయి. స్టాంపు మీద నా మిత్రుడి సంతకం, లెక్కల మాస్టారి పొందికైన సంతకం, అలాగే ఉంది.

“మాస్టారండీ, ఇది మీదేటండి?”

మా మేనకోడలు నా మొహంలోకి చూసింది. పురోహితుడి వెంట ఇప్పుడే నాలుగు సార్లు ‘న మమ’ అని సంస్కృతంలో అనేసిన మాటను తెలుగులో అనడానికి నాకు చాలా సమయం పట్టింది.

“నాది కాదు,” అన్నాను.

“అయితే ఒగ్గేద్దునా?” అని అడిగాడు. ఒగ్గెయ్యమన్నాను. వాడు మాత్రం ఒగ్గలేదు. గట్టెక్కి, తాను ఏరిన రూపాయి, రెండు రూపాయల బిళ్లలను అందులో పోసి పొట్లం కట్టుకుని, చొక్కా కింద దోపుకుని వెళ్లిపోయాడు.

తిరుగు బస్సు దొరకడం ఆలస్యమైంది. దారిలో ఒక ఊరి శివాలయం ముందు జ్వాలాతోరణం వెలిగించారు, గడ్డి మంటల కింద నుంచి జనం దాటుతున్నారు. యమలోకపు దారిలో మొదట అగ్నితోరణమే ఎదురవుతుందని, ఇక్కడ దీని కింద దాటినవారికి అక్కడ ఆ బాధ ఉండదని పెద్దలు చెబుతారు. భరణి కృత్తికకు చోటిచ్చే వేళ కూడా దగ్గరపడుతోంది. మా మేనకోడలు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. అతను చెల్లించని 86 నెలల వడ్డీ 2,58,000, అసలుతో కలిపి 4,08,000 అని నేను లెక్క వేశాను. అంకె ఏమీ చెదరలేదు. రాత్రి మూడు గంటలకు డాబా మీదికి వెళ్లి చూసినప్పుడు కూడా చంద్రుడు మేషంలోనూ వృషభంలోనూ ఒకేలా ఉన్నాడు.

శనివారం ఉదయం, సూర్యుడు తుల దాటి వృశ్చికంలోకి వెళ్లిన కొంతసేపటికి, ముఖలింగేశ్వరుడి ప్రసాదం పట్టుకుని ఆమదాలవలసలో నా మిత్రుడి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య లోపలికి రమ్మని కుర్చీ వేశారు. గోడ మీద అతని ఫొటోకు దండ వాడిపోయి ఉంది. నేను డబ్బు మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కాఫీ గ్లాసు చేతికి ఇస్తూ, “పెద్దకార్యంనాడు మీ కోసం మధ్యాహ్నం దాకా చూశామండీ మాస్టారూ, విస్తరి కూడా వేసి ఉంచాము,” అన్నారు.

కాఫీ చల్లారేదాకా నేను గ్లాసు పట్టుకునే కూర్చున్నాను.