తాహ్లెక్వాలో మా లలిత పేరు

అమెరికాలో మేముండే ఒక్లహోమా రాష్ట్రపు టల్సా నుంచి, చెరోకీ అనే ఆదివాసుల రాజధాని తాహ్లెక్వాకి కారులో గంటన్నర కూడా పట్టదు. ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నా ఒక్కసారీ వెళ్లలేదు. ఆ శుక్రవారం పాపకి బడి లేదు, నేనూ సెలవు పెట్టాను. 51వ నంబరు రోడ్డు మీద వాగనర్ దాటాక ఫోర్ట్ గిబ్సన్ రిజర్వాయరు, ఆ తర్వాత ఓక్ చెట్ల గుట్టలు, మేస్తున్న ఆవులు, దూరం దూరంగా ఇళ్లు. ముందు పోయే కార్లలో చాలావాటికి చెరోకీ నేషన్ (చెరోకీల సొంత ప్రభుత్వం) నంబర్ ప్లేట్లే. ఆ ప్లేట్ల రాబడిలో 38 శాతం ఈ ప్రాంతంలోని ప్రభుత్వ బడులకి ఇస్తారు.

ఊళ్లో వీధుల పేర్లు ఇంగ్లీషు, చెరోకీ రెండు లిపుల్లో ఉన్నాయి. ముందు పక్కనే ఉన్న పార్క్ హిల్‌కి వెళ్లాం. అక్కడ మూడు ఇటుక స్తంభాలు మిగిలాయి. 1838-39లో అమెరికా సైన్యం సొంత నేల నుంచి తరిమితే, దారిపొడుగునా వేలమందిని పోగొట్టుకుని ఇక్కడికి వచ్చిన చెరోకీ జనం, పన్నెండేళ్లకే 1851లో తమ ఆడపిల్లల కోసం కట్టుకున్న బడి అది. 1887లో కాలిపోతే రెండేళ్లలో తాహ్లెక్వాలో మళ్లీ కట్టారు. ఇప్పుడది యూనివర్సిటీ భవనం. ఆ స్తంభాల దగ్గర నా మనసు చివుక్కుమన్న సంగతి ఒకటుంది. సొంత డబ్బుతో కట్టుకున్న ఆ బడిలో చదువంతా ఇంగ్లీషులోనే, చెరోకీ నేర్పలేదు. పిల్లలు బాగుపడాలనే అలా చేశారు. మా అమ్మానాన్నలు నన్ను ఇంగ్లీషు మీడియంలో వేసిందీ అందుకే. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

పాత కాపిటల్ భవనంలోని మ్యూజియంలో పనిచేసే ఒకావిడ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. వాళ్ల అమ్మమ్మని హాస్టలు బడిలో చెరోకీ మాట్లాడినందుకు కొట్టారట. దాంతో ఆమె పిల్లలకి భాష చెప్పనే లేదు. పుట్టుకతో ఈ భాష వచ్చినవాళ్లు ఇప్పుడు రెండు వేలకి మించరు, ఎక్కువమంది పెద్దవాళ్లే. అందుకే 2020 డిసెంబరులో కోవిడ్ టీకాలు రాగానే భాష తెలిసినవాళ్లని ముందు వరుసలో నిలబెట్టారు. 2001లో మొదలైన ఇమ్మర్షన్ బడిలో చిన్నపిల్లలకి లెక్కలు కూడా చెరోకీలోనే చెబుతారు. పిల్లల చదువుకి అడ్డం కాకూడదని మేం లోపలికి వెళ్లలేదు.

ఆవిడ కాగితం తీసుకుని చెరోకీ లిపిలో పాప పేరు రాశారు. ల, లి, త: మూడే అక్షరాలు, మనలాగే! సెక్వోయా అనే చెరోకీ ఆయన 1821లో పూర్తిచేసిన ఈ లిపిలో ఒక్కో పలుకుకి ఒక్కో అక్షరం. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. జనం నమ్మకపోతే కూతురు ఆయోకా చేత చదివించి చూపించాడంటారు. పాప కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది.

"అమ్మా, 'ల'కీ 'లి'కీ పోలికే లేదేంటి?"

నిజమే. 'ల' ఇంగ్లీషు డబ్ల్యూలా, 'లి' అచ్చం పీలా ఉన్నాయి. మనకైతే 'ల'కి గుడి పెడితే చాలు. వీళ్లకి గుణింతం లేదు, 85 అక్షరాలూ విడివిడిగా నేర్చుకోవాల్సిందే. గుణింతం సంగతి పాప తనంతట తను గమనించినందుకు నాకు ఎంత సంతోషమైందో! ఆదివారం తెలుగు క్లాసంటే ప్రతిసారీ పేచీ పెట్టే పిల్ల.

"అమ్మ అని రాయండి" అని అడిగింది. ఆవిడ రెండు అక్షరాలు రాసి నవ్వారు. "మేం దీన్ని 'అమ' అని చదువుతాం. మా భాషలో నీళ్లు."

తిరిగి వస్తుంటే హల్బర్ట్ దగ్గర బడి వదిలారు, పసుపు బస్సుల వెనక నెమ్మదిగా కదిలాం. రిజర్వాయరు మీది వంతెన ఎక్కగానే పాప కిటికీకి ముక్కు ఆనించి, ఒళ్లో కాగితం చూసుకుంటూ, "అమ... అమ... ఎంత అమ!" అంది.