బార్సిలోనాలో ఏ రోజు సెలవు, ఎవరికి సెలవు

స్పెయిన్‌కి కొత్తగా వచ్చినవాళ్లు "స్పెయిన్ సెలవులు" అని గూగుల్‌లో కొట్టి, వచ్చిన జాబితాని ఫోన్ క్యాలెండర్‌లోకి ఎక్కించేసుకుంటారు. దాంతో తిప్పలు మొదలు. దేశమంతటికీ సరిపోయే జాబితా ఇక్కడ లేదు. సెలవులు కొన్ని దేశానివి, కొన్ని రాష్ట్రానివి, రెండు ఊరివి.

చట్టం ప్రకారం జీతంతో కూడిన పండగ సెలవులు ఏడాదికి 14 దాటకూడదు. జనవరి 1, గుడ్ ఫ్రైడే, మే 1, డిసెంబర్ 25 లాంటివి అందరికీ ఉంటాయి. ఆగస్టు 15 కూడా ఉంది, మన స్వాతంత్ర్య దినానికి కాదు లెండి, మేరీమాత పండగకి. గుడ్ ఫ్రైడే ముందు రోజు గురువారం మాడ్రిడ్‌లో సెలవు, బార్సిలోనాలో పనిదినం. బార్సిలోనావాళ్లకి దాని బదులు ఈస్టర్ సోమవారం వస్తుంది. ఆపైన జూన్ 24, సెప్టెంబర్ 11, డిసెంబర్ 26 బార్సిలోనా ఉన్న రాష్ట్రం కతలోనియా సొంత సెలవులు. ఊరి సెలవులు రెండూ చాలా ఏళ్లుగా దాదాపు ఇవే: పెంతెకొస్తు (ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం) మర్నాడు సోమవారం, ఊరి అమ్మవారనదగ్గ లా మెర్సె పండగ రోజు సెప్టెంబర్ 24.

ఊరంతా పుస్తకాలు, గులాబీలతో నిండిపోయే ఏప్రిల్ 23 మాత్రం సెలవు కాదు. ఆ రోజు ఆఫీసుకి వెళ్లాల్సిందే.

అసలు మెలిక కతలోనియా లెక్కలో ఉంది. 2025 జాబితాలో ఊరివి రెండూ తీసేస్తే 13 తేదీలు కనిపిస్తాయి, కానీ ఉండాల్సింది 12. అందుకే జనవరి 6, ఈస్టర్ సోమవారం, జూన్ 24, డిసెంబర్ 26, ఈ నాలుగింటిలో ఒకటి "రికుపెరాబ్లె". అంటే ఆ రోజు ఇంట్లో ఉండొచ్చు, ఆ గంటలు మాత్రం తర్వాత పని చేసి తీర్చాలి. మన ప్రభుత్వ ఉద్యోగులకుండే ఐచ్ఛిక సెలవుతో దీన్ని కలపొద్దు. ఏది రికుపెరాబ్లెనో కంపెనీ ఏటా గోడకి పెట్టాల్సిన పని క్యాలెండర్‌లో చూసుకోవాలి. హెచ్ఆర్‌ని అడిగేకన్నా ముందు ఆ కాగితం చదవడం మేలు.

ఊరి సెలవు మీరుండే ఊరిని బట్టి రాదు, పనిచేసే చోటుని బట్టి వస్తుంది. ఇల్లు బార్సిలోనాలో, ఆఫీసు మెట్రోలో పది స్టేషన్ల అవతల బదలోనాలో అయితే బదలోనా సెలవులే మీవి. పిల్లల బడి బార్సిలోనాలో ఉంటే బార్సిలోనా సెలవు రోజుల్లో వాళ్లని ఎవరు చూసుకోవాలో ముందే అనుకోండి.

శనివారం పడ్డ పండగ మామూలుగా సోమవారానికి జరగదు. ఆదివారం పడితే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకుంటుంది. స్పెయిన్ జాతీయ దినం అక్టోబర్ 12, 2025లో ఆదివారం వచ్చింది. అందలూసియా సోమవారం సెలవిచ్చింది, కతలోనియా ఇవ్వలేదు. అదే మంగళవారమో గురువారమో వస్తే జనం మధ్య రోజుకి సొంత సెలవు పెట్టి "పువెంతె", అంటే వంతెన, కడతారు. దేశమంతటా సెలవులైన డిసెంబర్ 6, 8 పనిదినాల్లో పడ్డ ఏడాది ఆ వారమంతా ఆఫీసుల్లో పని కదలదు.

కాగితాల గడువుల్లో సెలవు మీకే కలిసొస్తుంది. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు 2025 సెప్టెంబర్ 17 బుధవారం మీకు నోటీసు ఇచ్చి, 10 పనిదినాల్లో పత్రాలు తెమ్మందనుకోండి. లెక్క మర్నాడు 18న మొదలవుతుంది. శని, ఆదివారాలు, 24 తీసేస్తే ఆఖరి రోజు అక్టోబర్ 2. మీ ఊళ్లో 24 పనిదినమైనా, ఆఫీసున్న ఊళ్లో సెలవైతే చాలు, లెక్కలోకి రాదు. అటుదిటైనా అంతే. నోటీసులో "హాబిలెస్" (పనిదినాలు) అని ఉన్నా, ఊరికే రోజులు అని ఉన్నా ఇదే లెక్క. "నాతురాలెస్" (క్యాలెండర్ రోజులు) అని ఉంటే మాత్రం ఆదివారాలతో సహా అన్నీ లెక్కే.

సరుకులు సెలవుకి ముందు రోజే తెచ్చుకోండి. పెద్ద సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు. 150 చదరపు మీటర్ల లోపు చిన్న కొట్లకి వేళల విషయంలో వెసులుబాటు ఉంది కాబట్టి, రవాల్ పేటలోని పాకిస్తానీ, బంగ్లాదేశీ కొట్లలో పప్పూ ఉప్పూ దొరుకుతాయి. మందుల షాపు షట్టర్ దించి ఉంటే వెనక్కి తిరక్కండి. ఆ రోజు తెరిచి ఉండే "గ్వార్దియా" షాపుల చిరునామాలు ఆ తలుపు మీదే అంటించి ఉంటాయి.