పెంజీకటి కవ్వల నెవ్వండు?

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగిన తుది నలోకం బగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్

పోతన తన భాగవతాన్ని ఒంటిమిట్ట కోదండరాముడికే అంకితమిచ్చాడని మా కడప వైపు గట్టి నమ్మకం. మా జేజి ఈ పద్యం చదివేటప్పుడు 'పెంజీకటి' దగ్గర గొంతు తగ్గించి, 'వెలుఁగు' దగ్గర మళ్లీ ఎత్తేది.

మొసలి నోట కాలు చిక్కి, బలమంతా ఉడిగిపోయాక గజేంద్రుడు అన్న మాట ఇది. లోకాలు, వాటిని ఏలేవాళ్లు, వాటిలో బతికేవాళ్లు అందరూ పోయాక మిగిలే కటిక చీకటికి అవతల ఒక్కడై వెలిగేవాడు ఎవడో, అతన్నే కొలుస్తానంటాడు.

ఆ చీకటి మనకూ కొత్తేమీ కాదు. గాఢనిద్రలో లోకం ఉండదు, అప్పులుండవు, పిల్లల చదువుల టెన్షన్ ఉండదు, చివరికి నేను ఫలానా అన్న తలపు కూడా ఉండదు. లేచాక మాత్రం 'హాయిగా నిద్రపోయాను, ఒళ్లే తెలియలేదు' అంటాం. తెలియలేదన్న సంగతి ఎవరికి తెలిసింది? అది లేచాక ఊహించి చెప్పే మాటేనని నైయాయికులు, అంటే తర్కశాస్త్రం వాళ్లు, వాదించారు. నిద్రలోనూ సాక్షి, అంటే లోపల అన్నిటినీ చూసే ఎరుక, మేలుకునే ఉందని అద్వైతులు అన్నారు. నా మనసు అద్వైతుల వైపే మొగ్గుతుంది. ఆ హాయిని ఊహ అని కొట్టేయడానికి నాకు నోరు రాదు.

ఈ చిక్కుముడి పడమటి దేశాల వాళ్లనూ వదల్లేదు. పాత గోపురాల్లో వేలాడే గబ్బిలాలనే చూడండి. కీచుమని అరిచి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి అవి దారి తెలుసుకుంటాయి. ఆ పద్ధతి ఎంత వివరంగా తెలిసినా, గబ్బిలంగా ఉండడం ఎలా ఉంటుందో మనకు అందదని 1974లో థామస్ నేగెల్ అనే తత్త్వవేత్త రాశాడు. 1995లో డేవిడ్ చాల్మర్స్ అనే మరో తత్త్వవేత్త దీన్నే చైతన్యం తాలూకు కఠిన సమస్య అన్నాడు. కంట్లో పడిన వెలుగు నరాల వెంట మెదడుకు ఎలా చేరుతుందో డాక్టర్లు చెప్పగలరు. అక్కడ జరిగే ఆ పని ఎవరికో ఒకరికి అనుభవంగా ఎందుకు మారుతుందన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం చైత్రమాసంలో రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. ఒకసారి నా పక్కన నిలబడ్డ పెద్దావిడ తలంబ్రాలను పిడికిట్లో పట్టుకుని కళ్లు మూసుకుంది. పసుపు బియ్యం చెమటకు అరచేతికి అంటుకుపోయింది. ఆమె లోపల ఏం జరుగుతోందో నాకెలా తెలుస్తుంది? పక్కనే ఉన్నా, అదే వెన్నెల, అదే మంగళవాద్యం అయినా, అది ఆమెది.

గజేంద్రుడికి ఈ జ్ఞానం పూర్వజన్మలో నేర్చుకున్నదని భాగవతం చెబుతుంది. అంత తెలిసినవాడే ఈ పద్యం తర్వాత కొద్దిసేపటికే 'కలఁడు కలం డనెడువాఁడు కలఁడో లేఁడో' అని సందేహపడ్డాడు. పోతన ఆ సందేహాన్ని దాచలేదు. ఆ తర్వాతే 'లావొక్కింతయు లేదు' అన్న మొర వచ్చింది, స్వామి పరుగున కదిలాడు. చీకటికవతలి వెలుగును అంత స్పష్టంగా పాడిన నోటితోనే సందేహాన్నీ పలికినవాడిని స్వామి కాదనలేదు. నా ధైర్యమంతా అక్కడే ఉంది.