నాకు దాహమునకిమ్ము: దారిలో కలిసినవారితో సువార్త

సుఖారు ఊరి దగ్గర యాకోబు బావి. ఇంచుమించు పన్నెండు గంటలు, నడినెత్తిన ఎండ. ప్రయాణంలో అలసిన యేసుప్రభువు బావి దగ్గర కూర్చున్నాడు. శిష్యులు ఆహారం కొనడానికి ఊళ్లోకి వెళ్లారు. నీళ్లు చేదుకోవడానికి వచ్చిన సమరయ స్త్రీతో ఆయన అన్న మొదటి మాట, "నాకు దాహమునకిమ్ము" (యోహాను 4:7).

ఈ మాట బరువెంతో తెలుగు పల్లెల్లో పుట్టినవారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఏ బావిలో ఎవరు తోడుకోవాలి, ఎవరి కుండ ఎవరికి తగలకూడదు, టీకొట్టులో ఎవరి గ్లాసు విడిగా ఉండాలి అనే లెక్కలు మన తాతలకు బాగా తెలుసు, కొన్ని ఊళ్లలో మనకూ తెలుసు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని తొమ్మిదో వచనం చెబుతోంది. అలాంటిచోట ఆయన ఆమె చేదతో, ఆమె చేతితో నీళ్లు అడిగాడు. జీవజలం ఇవ్వగలిగినవాడు ముందు చెయ్యి చాపాడు.

బస్సులో, రైల్లో, ఆసుపత్రి వరండాలో ముక్కూమొహం తెలియనివారితో సువార్త చెప్పాలనుకునే విశ్వాసి ఈ సంభాషణను పెన్సిలు పట్టుకుని చదవాలి. ఏడో వచనం నుంచి ఇరవై ఆరు వరకు ప్రభువు ఏడుసార్లు మాట్లాడాడు, ఆమె ఆరుసార్లు మాట్లాడింది. తానే మెస్సీయనని చెబుతూ "నేనే ఆయనను" అన్నది ఏడోసారి. అంతకుముందు ఆమె అడిగినవాటికి జవాబులున్నాయి, ఆమె సందేహాలకు చోటుంది. మనలో చాలామంది ఆ ఏడో మాటనే మొదట అనేసి, ఎదుటివారు ముఖం తిప్పుకుంటే వారి హృదయం కఠినమైందని తేల్చేస్తాం. కఠినమైంది హృదయం కాకపోవచ్చు, మన తొందర కావచ్చు.

కాబట్టి మొదట చిన్న సాయం అడగండి, నిజంగా అవసరమైనదే. "ఈ బస్సు సూర్యాపేటలో ఆగుతుందా అండీ?", "కాస్త ఈ సంచి చూస్తారా, నీళ్ల సీసా నింపుకొస్తాను." సువార్త కోసం అబద్ధపు అవసరం కల్పించుకోవద్దు, తర్వాత తెలిస్తే చెప్పినదంతా అబద్ధమైపోతుంది. తర్వాత వారి ఊరు, పని, ప్రయాణం సంగతులు. వారు మాట్లాడేది ఎక్కువ, మనం మాట్లాడేది తక్కువ ఉండాలి. మన సంగతి ఎత్తే ముందు అనుమతి అడగాలి: "నేను యేసుప్రభువును నమ్ముతాను. మీకు ఇబ్బంది లేకపోతే ఒక రెండు నిమిషాలు చెప్పనా? వద్దంటే ఏమీ అనుకోను." ఈ చివరి వాక్యం మర్యాదకోసం అనేది కాదు. సిటీ బస్సులో నచ్చనివారు తర్వాతి స్టాపులో దిగిపోగలరు. రాత్రి రైల్లో ఎదురు బెర్తు మనిషికి పోయే చోటు లేదు. అందుకే దూర ప్రయాణంలో మరింత జాగ్రత్త కావాలి.

ఎదుటివారు ఫోన్ తీయడం, "ఊఁ", "సరే" తప్ప మాట రాకపోవడం, ఒళ్లు కిటికీ వైపు తిప్పుకోవడం... వీటిలో రెండు కనిపిస్తే ఆపేయాలి. ఆపిన తర్వాత మౌనంగా బిగుసుకుపోతే అది కూడా ఒత్తిడే. మళ్లీ మామూలు కబుర్లలోకి రండి, దిగేటప్పుడు వారి సామాను అందించండి.

చెప్పే సాక్ష్యం మూడు నిమిషాలు దాటకూడదు. అపొస్తలుల కార్యములు 26లో పౌలు అగ్రిప్ప రాజు ముందు చెప్పిన క్రమమే మనకూ సరిపోతుంది: మునుపు ఎలా ఉన్నాను, క్రీస్తు ఎలా ఎదురయ్యాడు, ఆ తర్వాత ఏం మారింది. మొదటి భాగం ఉబ్బిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. తాగుడు, అప్పులు, జబ్బుల గురించి రెండున్నర నిమిషాలు చెప్పి ప్రభువును అర నిమిషంలో ముగిస్తారు. వినేవారికి కష్టాలు గుర్తుంటాయి, ఆయన గుర్తుండడు. ఫోన్లో రికార్డు చేసుకుని విని, మొదటి భాగాన్ని నలభై సెకన్లకు కుదించండి.

ఇక మాటల సంగతి. మనకు తెలియకుండానే మందిరంలో మాట్లాడే తెలుగు ఒకటి, వీధిలోది ఒకటి అయిపోయాయి. "రక్షణ పొందారా?" అని అడిగితే బయటివారికి రక్షణ శాఖ గుర్తొస్తుంది. "సంఘం" అంటే డ్వాక్రా సంఘమో, కుల సంఘమో. "వాక్యం" బడిలో తెలుగు మాస్టారు రాయించేది, "సాక్ష్యం" కోర్టులో చెప్పేది. 1 పేతురు 3:15లో "మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి" అడిగే ప్రతివానికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. బైబిలు తెలుగులో నిరీక్షణ అంటే గట్టి నమ్మకంతో కూడిన ఆశ. బయట అదే మాటకు అర్థం ఎదురుచూడటం. "మారుమనస్సు పొందండి" అంటే మతం మార్చుకోమన్నట్టు, "గొర్రెపిల్ల రక్తంలో కడుగబడ్డాను" అంటే భయపడేటట్టు వినిపిస్తుంది. ఇవి మనకు ప్రాణప్రదమైన మాటలే, వదులుకోమని కాదు. కానీ మొదటి పరిచయంలో "దేవుడు నన్ను క్షమించాడు", "చనిపోయినా ఆయన దగ్గరికే వెళ్తానన్న ధైర్యం ఉంది" అంటే చాలు. సంఘంతో పరిచయం లేని స్నేహితునికి మీ సాక్ష్యం ఒకసారి వినిపించి, అర్థం కాని ప్రతి మాట దగ్గర చెయ్యి ఎత్తమనండి. ఎన్నిసార్లు ఎత్తుతారో చూస్తే ఆశ్చర్యపోతారు.

1 పేతురులోని ఆ వచనమే "సాత్వికముతోను భయముతోను" అంటోంది. ఆ భయం దేవునిది. ఎదుటివారి దేవుళ్లను రాయి, బొమ్మ అని తీసిపారేసే నోట సాత్వికం ఉండదు. సమరయ స్త్రీ కూడా మా పితరులు ఈ పర్వతం మీద ఆరాధించారు, మీరు యెరూషలేము అంటారు అని తగవు తెచ్చింది. ప్రభువు తన మాట దాచుకోలేదు, రక్షణ యూదులలోనుండే కలుగుతోందన్నాడు. అయినా వారి పర్వతమైన గెరిజీమును తిట్టలేదు. తండ్రిని ఆత్మతోను సత్యముతోను ఆరాధించే కాలం దగ్గరికి సంభాషణను నడిపించాడు. ప్రయాణంలో ఎవరైనా ప్రేమగా తిరుపతి లడ్డూ చేతిలో పెట్టబోతే, తినే విషయంలో మీ మనస్సాక్షి ఎలా చెప్పినా (విగ్రహాలకు అర్పించినవాటి గురించి 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు చదవండి) ముఖం చిట్లించకండి. తీసుకోలేకపోతే చేతులు జోడించి, "ఏమీ అనుకోకండి, మీ అభిమానానికి చాలా సంతోషం" అనండి. ఆ ఒక్క క్షణం ముఖకవళికలే తర్వాతి మాటలన్నింటికీ తలుపు తీస్తాయి, లేదా మూసేస్తాయి.

సమరయ స్త్రీకి అంతకుముందు ఐదుగురు భర్తలున్న సంగతి ప్రభువుకు తెలుసు, మనకు ఎవరి సంగతీ తెలియదు. బొట్టు లేదనో, మెడలో తాళి లేదనో చూసి ఎవరి కాపురం గురించీ ఆరా తీయకూడదు. ఆమెను వ్యభిచారిణి అని తేల్చి చెప్పే ప్రసంగాలు చాలా ఉన్నాయి. ఐదుగురు చనిపోయారో, విడిచిపెట్టారో వాక్యంలో లేదు. లేని నింద మోపడం మంచిది కాదు.

ఆసుపత్రి వేరే లోకం. సర్కారు దవాఖాన వార్డులో రోగి కంటే రోగితో ఉండే మనిషికి తోడు ఎక్కువ అవసరం. టిఫిన్ తెచ్చిపెట్టడం, మందుల చీటీ చదివిపెట్టడం చేయండి, కానీ దానికి బదులుగా ప్రార్థన వినమని అనకండి. ప్రార్థించమని వారే అడిగితే ఒక్క నిమిషం, మెల్లగా, అడగనిదే తలమీద చెయ్యి వేయకుండా. తప్పకుండా స్వస్థత వస్తుందని మాట ఇవ్వకూడదు. మాత్రలు మానేయమని పొరపాటున కూడా అనకూడదు, అలా చెప్పేది విశ్వాసం కాదు, మనుషుల ప్రాణం తీస్తుంది.

ప్రభువు డెబ్బదిమంది శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు (లూకా 10:1). స్త్రీలతో స్త్రీలు మాట్లాడటం మన ఊళ్లలో మంచి పద్ధతి. ఇద్దరు వెళ్తే ఒకరే మాట్లాడాలి, రెండోవారు మనసులో ప్రార్థిస్తూ ఉండాలి. ఎదుటివారిని మధ్యలో కూర్చోబెట్టుకుని చెరోవైపు నుంచి చెప్పవద్దు. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలకు కరపత్రం, చాక్లెట్ ఏదీ ఇవ్వవద్దు.

కరపత్రం అడిగినవారికే ఇవ్వండి, ఆగిన ఆటోలోకి విసరకండి. నేలమీద పడి కాళ్లకింద నలిగే ప్రతి కాగితంమీద ప్రభువు నామం ఉంటుంది. నాలుగు పేజీలు మించకుండా, పెద్ద అక్షరాలతో, వెనక సంఘం పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఎవరు వేశారో తెలియని కాగితాన్ని జనం అనుమానిస్తారు, అది న్యాయమే. చదువురానివారికి మార్కు సువార్త ఆడియో మంచిది, పదహారే అధ్యాయాలు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. ఆలయాలు, ప్రార్థనా స్థలాల దగ్గర ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది, తిరుమల దాని పరిధిలో ఉంది. అక్కడికి కరపత్రాలతో వెళ్లడం ధైర్యం కాదు. మన మందిరం గేటు దగ్గర ఇంకొకరు అదే చేస్తే ఎలా ఉంటుందో ఆలోచిస్తే చట్టం లేకపోయినా అర్థమవుతుంది. బస్టాండు, స్టేషను ఆవరణల్లో పంచాలంటే అధికారుల అనుమతి తీసుకోండి. డబ్బు, ఉద్యోగం, బడిలో సీటు, ఏదీ సువార్తతో కలిపి మాట్లాడకూడదు.

కొత్త చోట్లు వెతుక్కోనక్కర్లేదు, రోజూ తిరిగే దారే చాలు. ఒంగోలు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం పొంది, తనను ఎరిగిన తనవారి మధ్యకే ఈ కబురు తీసుకెళ్లాడు. మనకైతే ప్రతి ఉదయం అదే టీకొట్టు, అదే ఏడున్నర బస్సు, అదే కండక్టరు. ఆరునెలలు పేరు పెట్టి పలకరించి, చిల్లర దగ్గర గొడవపడకుండా ఉన్న మనిషి నోట యేసు పేరు వస్తే వినాలనిపిస్తుంది.

విడిపోయేటప్పుడు వారి నంబరు అడగవద్దు, ఫోటో తీయవద్దు. మీ నంబరు ఇవ్వండి. సమరయులు తమయొద్ద ఉండుమని వేడుకొన్న తర్వాతే ప్రభువు అక్కడ రెండు దినాలున్నాడు (యోహాను 4:40). ఫోన్ రాకపోవచ్చు. వస్తే, వారు ఉండే ఊరికి దగ్గర్లో నమ్మకమైన విశ్వాసి ఎవరున్నారో ముందు కనుక్కోండి, ముప్పై కిలోమీటర్ల దూరంలోని మీ మందిరానికి రమ్మనకండి. మొదటిసారి కలిసినప్పుడు గంటకు మించి కూర్చోకండి. యోహాను నాలుగో అధ్యాయం వారినే చదవనిచ్చి, వారి ప్రశ్న ఏమిటో అడగండి.